ఇంటర్వెల్ తర్వాత నేను చూడని సినిమా

నా చిన్నప్పటి ఒక సినిమా కథలో సగం అబద్ధం. ఆ అబద్ధం నాది. నలభై ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. ఆ మనిషి మా పక్కింటి అక్క. ఈ నాలుగు పేజీలు రాయడానికి మూడు ఆదివారాలు పట్టింది. రెండు వాక్యాలు రాయగానే లేచి గదిలో తిరుగుతాను, కిటికీ తీస్తాను, మళ్ళీ మూస్తాను. రాసినదాంట్లో నేను కాస్త మంచివాడిలా కనిపించిన చోటల్లా కొట్టేసి మళ్ళీ రాశాను. ఇంకా ఎక్కడైనా అలా కనిపిస్తే అది నా పాత అలవాటే అనుకోండి.

సోలాపూర్‌లో దాజీ పేట్‌లో మాది ఆరిళ్ళ వాకిలి. నడుమ బండలు పరిచిన జాగా, మూలకు ఒక నల్లా, చుట్టూ పొద్దంతా పవర్‌లూమ్‌ల మోత. ఆ మోత మాకు వినిపించేది కాదు. కరెంటు పోయి ఒక్కసారిగా ఆగినప్పుడే, ఏదో మీద పడ్డట్టు తలెత్తి చూసేవాళ్ళం. అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. నాన్న రోజుకు రెండు పాళీలు, అంటే రెండు షిఫ్టులు, కార్ఖానాలోనే ఉండేవాడు, ఇంటికి నిద్రపోవడానికి మాత్రం వచ్చేవాడు. తాతయ్య ఒక్కడే ఇంట్లో చేతి మగ్గం మీద తొమ్మిది గజాల చీరలు నేసేవాడు. నన్ను పెంచింది ఆయనే అని అందరూ అంటారు. నిజానికి నా తల దువ్వింది, అన్నం పెట్టింది, చొక్కా బొత్తాలు కుట్టింది పక్కింటి అక్క.

అక్కకు అప్పుడు ఇరవై మూడేళ్ళు ఉంటాయి. పెళ్ళయిన రెండేళ్ళకే ఆమె భర్త కామెర్లతో పోయాడు. నేను ఆయనను బావా అని పిలిచేవాడిని. పిల్లలు లేరు. అక్క తల్లి దగ్గరికి తిరిగి వచ్చి, వాకిలిలోని తక్కిన ఆడవాళ్ళతో పాటు బీడీలు చేసుకుంటూ ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి అందరూ చాటలు ఒళ్ళో పెట్టుకొని వాకిట్లో కూర్చునేవారు. చాటలో తంబాకు, కత్తిరించిన ఆకు, దారం ఉండ. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి, కళ్ళు కూడా అక్కర్లేదు. ఖాళీగా ఉండేది చెవులే.

ఆ చెవుల కోసం మా వాకిలిలో ఒక ఆనవాయితీ ఉండేది. దాన్ని మేము కత తెచ్చుడు అనేవాళ్ళం. ఆడవాళ్ళకు సినిమాకు పోయే తీరిక లేదు. మూడు గంటలు కూర్చొని వస్తే ఆ రోజు బీడీల లెక్క పూర్తి కాదు. అందుకని కొత్త సినిమా వచ్చినప్పుడు అందరి తరఫునా నన్ను పంపేవారు. బీడీల మూతులు ఒత్తే నా పనిని ఆ రోజు వాళ్ళు పంచుకునేవారు. నేను సినిమా చూసి వచ్చి, వాకిట్లో నడుమ నిలబడి, మొదటి నుంచి చివరి దాకా, పాటలతో సహా, చెప్పాలి. నేను ఒక చోట కుదురుగా కూర్చోలేని పిల్లవాడిని. కాని కథ చెప్పేటప్పుడు ఎంత తిరిగినా, ఎంత ఎగిరినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ ఒక్క పనిలో నా కుదురులేనితనం అక్కరకు వచ్చేది.

ఆ వారం గోడల మీద ఒక తెలుగు సినిమా పోస్టరు పడింది. తెల్ల బట్టలు వేసుకున్న యువకుడు మబ్బుల్లో నిలబడి ఉన్నాడు, కింద నది ఒడ్డున ఒక అమ్మాయి పైకి చూస్తోంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి వస్తూ అక్క ఆ పోస్టరు చూసింది. శనివారం పొద్దుటి బడి విడవగానే నేను సినిమాకు పోవాలని ఖాయమైంది. చొక్కా మార్చుకుంటుంటే అక్క వచ్చి నా కాలరు సరిచేసి మెల్లగా అంది.

“ఈసారి పాటలు సరిగ చూడకున్నా మంచిదే. సచ్చిపోయినంక ఏం జరుగుతదో అది చూసి రా తమ్మీ. ఒక్కటి గూడ ఇడువకు.”

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. పదకొండేళ్ళవాడిని, అయినా తెలుసు. భీవండి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబర్, భార్య పోయిన మనిషి, మనవాళ్ళే. మా వాళ్ళలో మారుమనువు తప్పేమీ కాదు. ఒకసారి వచ్చి మాట్లాడి పోయాడు. అక్కకు ఆయన మాటతీరు నచ్చిందని ఆమె తల్లి తాతయ్యతో అంటుంటే విన్నాను. మర్నాడు, ఆదివారం, ఆయన జవాబు కోసం వస్తున్నాడు. అక్క ఔననాలి, లేదా కాదనాలి. ఔనంటే నెల తిరక్కుండా భీవండికి పోతుంది.

ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగడం లేదు.

సినిమా మొదటి సగం నాకు ఇప్పటికీ ఫ్రేము ఫ్రేముగా గుర్తుంది. నది దాటించే పడవవాడు, అవతలి ఒడ్డు అమ్మాయి, ఇద్దరి పెళ్ళి, ఆ తర్వాత వరద. పడవ తిరగబడి అతను కొట్టుకుపోతాడు. తర్వాత తెర అంతా తెల్లబడుతుంది. పొగ విడిపోయేసరికి ఒక పెద్ద హాలు కనిపిస్తుంది. చనిపోయినవాళ్ళంతా అందులో వరుసలు కట్టి కూర్చొని ఉన్నారు, ఏదో ఆఫీసులో తమ పేరు పిలిచేదాకా ఎదురుచూసినట్టు. ఒక్కొక్కరి మణికట్టుకు ఒక తెల్లని పోగు. ఆ పోగు నేల మీదుగా పోయి మబ్బుల్లోంచి కిందికి జారిపోతోంది. పడవవాడు వచ్చి ఒక వరుస చివర కూర్చున్నాడు.

నేను అతన్ని చూడటం అక్కడితో మానేశాను. వరుసల్లో అమ్మను వెతకడం మొదలుపెట్టాను. అమ్మ అయితే కొంగు నడుముకు దోపుకొని ఉంటుంది, కుడి మోకాలు మడిచి కూర్చుంటుంది. మొదటి వరుసలో లేదు. రెండో వరుసలో ఒకామె తల వంచుకొని ఉంది, ఆమె తల ఎత్తేలోపల బొమ్మ మారిపోయింది. నేను లేచి నిలబడ్డాను. వెనక ఎవరో మరాఠీలో “ఏ, ఖాలీ బస్” అని నా భుజం మీద కొట్టారు. కూర్చోలేకపోయాను. అమ్మ చేతికి పోగు ఉందా, ఉంటే దాని కింది కొస ఎవరి చేతిలో ఉంది, నా చేతిలో అయితే ఏమీ లేదే. ఇదే తిరుగుతోంది తలలో. అంతలో దీపాలు వెలిగాయి, ఇంటర్వెల్. నేను బయటికి వచ్చాను. లోపలికి మళ్ళీ పోలేదు.

ఎటు పోయానో అంతా గుర్తులేదు. కన్నా చౌక్ దాకా పోయాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ పోయాను. థియేటరు గేటు ముందు నుంచి మూడుసార్లు నడిచాను. లోపలి నుంచి పాట వినపడుతుంటే ఇంకా వేగంగా నడిచాను. మిల్లు భోంగా, అదే సైరన్, మోగింది. సినిమా విడిచే సమయం అదే అని తెలిసి ఇంటి దారి పట్టాను.

వాకిట్లో అందరూ నా కోసమే ఉన్నారు. ఎండ ఇంకా గోడ మీద ఉంది. సగం చూసి వచ్చానని చెప్పవచ్చు. కాని ఎందుకని అడుగుతారు. అమ్మను వెతుక్కున్నానని అంతమంది ముందు చెప్పడం నా వల్ల కాలేదు. మొదలుపెట్టాను. వరద వచ్చేదాకా బాగానే సాగింది. పడవవాడు తెల్లని హాల్లోకి వచ్చాడని చెప్పగానే మూలింటి అవ్వ అడ్డు తగిలింది. ఆమె ఏ సినిమానూ ఊరకే వదిలేది కాదు.

“అంత వరదల కొట్టుకపోయినోనికి బట్టలు ఇస్త్రీ చేసి ఉన్నయా రా?”

“తల గూడ దువ్వి ఉన్నది అవ్వా.”

“గట్లనైతే నేను జల్ది పోత. ఈడ నా తల దువ్వేటోల్లు లేరు.”

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. చేతులు ఆకు చుడుతున్నాయి, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

“ఆ చేతికున్న పోగు ఏందిరా?”

దాని అర్థం ఇంటర్వెల్ తర్వాత చెప్పి ఉంటారు. నాకు తెలియదు. కాని మా ఇళ్ళలో పుట్టినవాడికి పోగు గురించి ఒకరు చెప్పాలా? పడుగులో ఒక పోగు తెగితే తాతయ్య మగ్గం ఆపేసేవాడు. రెండు కొసలూ వెతికి, తడి చేసి, ముడి వేసేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. పోగును వదిలేయడం అనేది మాకు తెలియని పని. పట్టుకోవాలి, అంతే. అందుకే నా నోట అదే వచ్చింది.

“కింద ఆమె పట్టుకున్నది అక్కా. గట్టిగ పట్టుకుంటే ఆయన ఆ పోగు పట్టుకొనే మళ్ళ దిగొస్తడు. చిన్న పిలగాడై పుడుతడు. పెద్దగైనంక ఎతుక్కుంట ఆమె దగ్గరికే వస్తడు.”

ఇంతవరకు చెప్పినది తెలియని పిల్లవాడి ఊహ అనుకోవచ్చు. ఇక్కడితో ఆపి ఉంటే ఈ నాలుగు పేజీలు రాయవలసిన పని ఉండేది కాదు. అక్క తల్లి అక్క వైపు ఒకసారి చూసి, మాట మార్చడానికో ఏమో, చాయ్ పెడతానని లేచింది. అప్పుడు నేను ఎవరూ అడగని మాట ఒకటి చెప్పాను.

“గని ఆమె ఆ ఊరు దాటొద్దట. వేరేటోల్ల చెయ్యి పట్టొద్దట. పడితే పోగు తెగుతదట.”

అక్క చేతులు ఆగాయి. బీడీ చేసే చేతులు అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సినిమాల గట్లెందుకుంటదిరా? ఖరం చెప్పు. నిజంగ గదే ఉన్నదా?”

“ఉన్నది పెద్దమ్మా. నా కండ్లతోని చూసిన.”

నాకు లోపల ఎంత తేలికైందో చెప్పలేను. ఆ రాత్రి రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను. పెట్టింది అక్కే.

ఆదివారం పొద్దున తాతయ్య మగ్గం మీది నుంచి చీర దించాడు. దించిన చీరను గడప ముందు వెలుతురులో పరిచి, అంగుళం అంగుళం వేలితో తడుముతూ చూసుకోవడం ఆయన పద్ధతి. ఒక చోట ఆయన వేలు ఆగింది. పడుగులో రెండు పోగులు తెగి, చూసుకోకుండా బెత్తెడు మేర నేత సాగిపోయింది. నాకైతే ఎంత చూసినా కనబడలేదు. తాతయ్య గూట్లోంచి ఎర్ర దారం తీసి, చిన్న ముక్క తెంపి నా చేతిలో పెట్టాడు. అంతకుముందు ఆ పని ఎప్పుడూ నాకు ఇవ్వలేదు. తప్పు ఎక్కడుంటే దానికి ఎదురుగా అంచుకు ఎర్ర పోగు కట్టాలి. చీర తీసుకునేవాళ్ళకు అది గుర్తు. పెద్ద చదువులేమీ లేని మా తాతయ్య జీవితమంతా ఆ ఒక్క పని తప్పకుండా చేశాడు.

గుర్తున్న చీరకు ధర తగ్గుతుంది, నాకు ఆయన మీద జాలి వేసింది. కట్టకపోతే ఎవరికి తెలుస్తుందని అడిగాను.

“ఎన్నడో ఒకనాడు ఒకామె ఇది కట్టుకుంటది గదా,” అన్నాడు తాతయ్య. “కుచ్చిళ్ళు పోసేటప్పుడు ఆమె వేలికి తగులుతది. మనం ముందే చెప్తే అది తప్పు. ఆమెకు తగిలినంక తెలిస్తే అది మోసం.”

నేను కట్టాను. కాని సరిగ్గా ఆ చోట కట్టడానికి చెయ్యి రాలేదు. జానెడు ఇవతల కట్టాను. గుర్తు ఉంటుంది, తప్పు మాత్రం వెంటనే కనబడదు అనిపించింది. తాతయ్య ఏమీ అనకుండా ముడి విప్పాడు. నా వేలు పట్టుకొని తెగిన పోగుల మీద ఒకసారి ఆనించి, దానికి సరిగ్గా ఎదురుగా అంచు మీదికి తెచ్చి, అక్కడ మళ్ళీ నా చేతనే కట్టించాడు.

“జానెడు పక్కకు కడితే కట్టనట్టే. ఎవలకు చూపెడుతున్నవ్, ఏడ దాస్తున్నవ్?”

ఆ తర్వాత చీర మడత పెడుతూ, నా వైపు చూడకుండానే, నిన్నటి సినిమా చివరిలో ఏమైందని అడిగాడు. తాతయ్య సినిమాల గురించి ఎప్పుడూ అడిగేవాడు కాదు. థియేటరు గేటు ముందు తిరుగుతున్న నన్ను ఎవరైనా చూసి చెప్పారేమో, లేక నా ముఖమే చెప్పిందో, లేక ఊరకే అడిగాడో. ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన పోయేదాకా నేను అడగలేదు.

అప్పటికి ఇంకా సమయం ఉంది. భీవండి మనిషి పదకొండింటికి వస్తాడు. నేను లేచి అక్క గడప దగ్గరికి పోయాను. అక్క తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. పక్కన మడత విప్పని చీర ఉంది. కట్టుకుంటుందా లేదా అన్నది ఆమెకే ఇంకా తేలలేదేమో, చెయ్యి దాని మీదనే పెట్టుకొని కూర్చుంది.

“ఏందిరా?” అంది.

“ఏం లేదు అక్కా.”

“చెప్పు. ఏదో చెప్పనీకి వచ్చినవు.”

“ఏం లేదు.”

ఆ రెండు మాటలే నా జీవితంలో నేను మాట్లాడిన అన్నిటికంటే పెద్ద అబద్ధాలు. ముందటి రోజు చెప్పినదాంట్లో సగం ఊహ ఉంది, భయం ఉంది. ఇందులో ఏమీ లేదు. పూర్తిగా తెలిసి ఆడినవి.

ఆయన అనుకున్న వేళకే వచ్చాడు. అక్క లోపలి గదిలోంచి రాలేదు. తల్లి లోపలికి, బయటికి తిరుగుతోంది. ఆయన ఒక్కడే చాలాసేపు బల్ల మీద కూర్చున్నాడు. అక్క వాళ్ళ తలుపు ఎవరు తీసినా కిర్రుమని మోగేది. రెండుసార్లు విని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, లేచి తలుపు బందులు బిగించాడు. గానుగ నూనె ఒక చుక్క అడిగి వేశాడు. తల్లి వచ్చి తల దించుకొని, పిల్ల వద్దంటోందని చెప్పింది. ఆయన కోపగించుకోలేదు. ఆమె మనసులో లేనప్పుడు ఏం చేస్తాం అన్నాడు. చాయ్ పూర్తిగా తాగి, కప్పు నల్లా దగ్గర కడిగి పెట్టి పోయాడు. ఆ తలుపు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చప్పుడు చేయలేదు. చప్పుడు చేయనప్పుడల్లా నాకు వినిపించేది.

మరునాడు అక్క తాతయ్య దగ్గరికి వచ్చి తెల్ల నూలు పోగు ఒకటి అడిగి తీసుకుంది. ఎడమ మణికట్టుకు కట్టుకుంది. చూసినవాళ్ళు ఏదో మొక్కు అనుకున్నారు. అది నలిగి పీలికలైతే మళ్ళీ ఒకటి అడిగేది. తాతయ్య పోయాక నన్ను అడిగేది. నేను తెచ్చి ఇచ్చేవాడిని. ఆ మాట రాయడానికే ఒక ఆదివారమంతా పట్టింది. నా అబద్ధానికి కావలసిన పోగును ముప్ఫై ఏళ్ళు నేనే తెచ్చి ఇచ్చాను.

భీవండికి పోని అక్క నాకు పదో తరగతి దాకా అన్నం పెట్టింది. నా పెళ్ళిలో తల్లి జాగాలో నిలబడింది. ఆమె తల్లి పోయింది, వాకిలి అమ్ముడుపోయింది, అక్కడివాళ్ళంతా చెదిరిపోయారు. అక్కకు కుంభారి దగ్గర కార్మికుల కాలనీలో ఇల్లు వచ్చింది. ఒక్కతే ఉంటుంది. నేను తువ్వాళ్ళ కార్ఖానాలో మాల్ చెక్ చేసే పనిలో ఉన్నాను. రోజంతా దీపం ముందు నిలబడి ఇతరుల తప్పులు పట్టుకుంటాను. ఇప్పుడు ఎర్ర దారం లేదు, బాణం గుర్తున్న చిన్న స్టిక్కరు అంటిస్తాం. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది, స్టిక్కరు తప్పు మీదే పడాలి, పక్కన కాదు అని. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు తాగే మిషతో అవతలికి పోతాను.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. పోగు నలిగిపోయింది, ఈ ఆదివారం వస్తే ఒకటి తెచ్చిపెట్టు అంది. సరే అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. ఫోన్‌లో ఆ పాత సినిమా కోసం వెతికాను. అది అందులో ఉంటుందని నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు, ఎప్పుడూ తెరవలేదు. రంగులు వెలిసిపోయాయి. హాల్లో వరుసలు వచ్చాయి. రెండో వరుసలో తల వంచుకున్న ఆమె ఈసారి తల ఎత్తింది. ఎవరో ముసలామె. ఇంటర్వెల్ పడగానే ఫోన్ బోర్లా పెట్టి, మాల్ గోదాములో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. తర్వాత వచ్చి, గోడకు ఆనుకొని, రెండో సగం చివరి దాకా చూశాను.

ఆదివారం పొద్దున బస్సులో కుంభారి పోయాను. జేబులో నూలు పోగు ఉంది. అక్క గడపలో చాట ఒళ్ళో పెట్టుకొని ఉంది. అరవై దాటినా చేతులు ఆగలేదు, వేగం మాత్రం తగ్గింది.

“తెచ్చినవా?” అంది.

తెచ్చాను కాని ఇవ్వను అన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. గడప ముందు అటూ ఇటూ నడుస్తూ, ఆ రోజు ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశానని, వరుసల్లో అమ్మను వెతుక్కున్నానని, తక్కినదంతా కల్పించానని చెప్పాను.

అక్క చేతిలోని బీడీకి దారం చుట్టి చాటలో వేసింది. తర్వాత, నేను ఊహించని మాట అడిగింది.

“మరి ఇంటర్వెల్ తర్వాత ఏమైతది?”

కథ తెచ్చేవాడిగా నేను ఆమెకు బాకీ ఉన్నది అదే. నిలబడి చెప్పాను. ఈసారి చేతులు తిప్పలేదు, ఎగరలేదు. హాల్లో ఒక ముసలి గుమాస్తా ఉంటాడు. నీ పేరు ఎందుకు పిలవడం లేదో తెలుసా, కింద ఆమె పోగు వదలడం లేదు, వదిలేదాకా నువ్వు పుట్టలేవు అని పడవవాడికి చెప్తాడు. పడవవాడు ఆమె కలలోకి వచ్చి వదలమని బతిమాలుతాడు. ఆమె వదలదు. చివరికి ఒక రోజు నది ఒడ్డున కూర్చొని ఏడ్చి ఏడ్చి, పోగును నీళ్ళలోకి వదిలేస్తుంది. పైన అతని పేరు పిలుస్తారు. ఆమె ఒక బడిపంతులును పెళ్ళి చేసుకుంటుంది, పిల్లలను కంటుంది, ముసలిదవుతుంది. ఒక బస్‌స్టాండులో ఒక పదేళ్ళ పిల్లవాడు లేచి ఆమెకు చోటు ఇస్తాడు. ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకుంటారు. బస్సు వస్తుంది, వాడు ఎక్కుతాడు, ఒకసారి తిరిగి చూస్తాడు. అంతే. ఎవరికీ ఎవరూ గుర్తుకు రారు.

అక్క చేతులు ఆగిపోయాయి. ఇది రెండోసారి.

“అంటే నేను పట్టుకొని కూసున్ననా? ఆయన పేరు పిలువనే లేదా?”

“అక్కా, అది సినిమా.”

“మరి అప్పుడు చెప్పింది ఏందిరా? అది సినిమా గాదా?”

నేను నడక ఆపాను. పక్కింట్లో ఎవరో పిల్లలకు అన్నం తినమని కేకలు వేస్తున్నారు. అక్క మణికట్టు మీది పీలికను వేలితో ఒకసారి తిప్పింది. కత్తెర చాటలోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని, ఎప్పటిలాగే, నన్ను కాపాడే మాట ఒకటి వెతికి తీసింది.

“పోనియ్ తమ్మీ. తల్లిని ఎతుక్కున్న పిలగానివి. తెల్వక చెప్పినవు. చాయ్ పెడ్త, కూసో.”

తెలియక. ఆ మాటను పట్టుకొని కూర్చోవచ్చు. చాయ్ తాగి, పన్నెండింటి బస్సు ఎక్కి, ఒప్పుకున్నాను కదా అని జీవితాంతం అనుకోవచ్చు. అప్పుడు నా చూపుడు వేలి కొసకు ఆనాటి చీరలో తెగిన ఆ రెండు పోగులు తగిలినట్టయింది. తాతయ్య నా వేలు పట్టుకొని ఆనించిన చోటే. అంతవరకు నేను చెప్పినదంతా నిజమే. కాని ముడి తప్పుకు జానెడు ఇవతల ఉంది. ఆ రోజు నుంచి నాతో వస్తున్నది ఆ జానెడు దూరమే. ఎక్కడ ఆగినా ముందు అదే కనిపిస్తుంది.

గడప ముందు నేల మీద కూర్చున్నాను.

“తెల్వక గాదు అక్కా,” అన్నాను. “ఊరు దాటొద్దన్న మాట తెలిసే చెప్పిన. నువ్వు భీవండి పోతే నాకు ఎవ్వలుండరని చెప్పిన. తెల్లారి నీ గడప దగ్గరికి వచ్చి గూడ ఏం లేదన్న. నిన్ను ఆపింది బావ గాదు, సినిమా గాదు. నేను. నా కోసం ఆపిన. తప్పయింది అక్కా.”